పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఎందుకు ఓడిపోతూనే ఉన్నారు, యాజమాన్యం ఎందుకు మారదు

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలు ఉన్నాయి. పాల్ స్కీన్స్ లాంటి పిచ్చర్‌ను (బంతి విసిరే ఆటగాడిని) పెట్టుకుని కూడా మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఏటా ఎందుకు ఓడిపోతున్నారన్నది మొదటిది. ఇన్నేళ్లుగా ఇలా సాగుతున్నా యజమానిని ఎవరూ ఎందుకు కదిలించలేకపోతున్నారన్నది రెండోది. పదేళ్ల మీ అబ్బాయి ఈ జట్టు మీద ప్రాణం పెట్టుకుని, ఓడిన ప్రతి రాత్రీ అన్నం దగ్గర మొహం మాడ్చుకుని కూర్చుంటుంటే వచ్చే ఏడాదికి సీజన్ టికెట్లు మళ్లీ కొనాలా వద్దా అన్నది మూడోది. చదువు కోసం నేను ఈ ఊరికి వచ్చిన రోజుల్లో పైరేట్స్ ఇంకా త్రీ రివర్స్ స్టేడియంలో ఆడేవారు. అప్పటి నుంచి ఈ జట్టును వదలకుండా చూస్తున్నవాడిగా నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

ముందుగా నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఓటమి వల్ల అభిమానులకు ఇంత కోపం రాలేదు. ఆటలో ఓటమి ఎవరికైనా తప్పదు, ఉక్కు కర్మాగారాలు మూతపడటం చూసిన ఈ ఊరి జనం ఓటమిని తట్టుకోలేనంత సుకుమారులు కారు. గెలుపు చేతికి అందే దూరంలోకి వచ్చిన ప్రతిసారీ యాజమాన్యం చెయ్యి చాచకుండా వెనక్కి తగ్గడమే వారి అసలు ఫిర్యాదు. ఈ లీగ్ నిబంధనల ప్రకారం జట్టు ఓడినా యజమానికి నష్టం రాదు కాబట్టి అలా వెనక్కి తగ్గడం సాధ్యమవుతోంది.

మీ అబ్బాయి పుట్టకముందు సంగతులు కొన్ని తెలిస్తే తప్ప ఇప్పటి కోపం లోతు అర్థం కాదు. పైరేట్స్ చరిత్ర లేని జట్టు కాదు. 1909, 1925, 1960, 1971, 1979 సంవత్సరాల్లో ఐదు సార్లు లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచారు. 1960లో న్యూయార్క్ యాంకీస్ మీద ఏడో ఆట చివరి ఇన్నింగ్స్‌లో బిల్ మాజరోస్కీ కొట్టిన హోమ్ రన్ (క్రికెట్ సిక్సర్ లాంటి దెబ్బ) గురించి ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ నిన్న చూసినట్టే చెబుతారు. రొబెర్టో క్లెమెంటే ఆడిన జట్టు ఇదే. సరిగ్గా 3000 హిట్లు పూర్తిచేసిన ఆయన 1972 డిసెంబర్ 31న నికరాగువా భూకంప బాధితులకు సహాయ సామగ్రి తీసుకెళుతూ విమాన ప్రమాదంలో చనిపోయారు. ఇప్పటి స్టేడియంలో కుడివైపు గోడను సరిగ్గా 21 అడుగుల ఎత్తున కట్టారు, ఎందుకంటే ఆయన చొక్కా మీది అంకె 21.

పతనం మొదలైన రాత్రి కూడా అందరికీ గుర్తుంది. 1990, 1991, 1992లలో వరుసగా మూడేళ్లు డివిజన్ (లీగ్‌లో తాము ఉన్న జట్ల గుంపు) గెలిచిన జట్టు, 1992 అక్టోబర్ 14న అట్లాంటాలో నేషనల్ లీగ్ ఫైనల్ ఏడో ఆట తొమ్మిదో, అంటే చివరి, ఇన్నింగ్స్‌కు 2-0 ఆధిక్యంతో వెళ్లింది. ఆ ఇన్నింగ్స్‌లో అట్లాంటాకు ఒక పరుగు వచ్చి, రెండు అవుట్లు పడ్డాక ఫ్రాన్సిస్కో కబ్రేరా అనే అంతగా పేరు లేని బ్యాటర్ కొట్టిన హిట్‌కు రెండు పరుగులు వచ్చాయి. ఎడమవైపు నుంచి బారీ బాండ్స్ విసిరిన బంతి చేరేలోపే సిడ్ బ్రీమ్ గెలుపు పరుగు కోసం హోమ్ ప్లేట్ మీదికి జారిపోయాడు. బ్రీమ్ రెండేళ్ల క్రితం వరకు పైరేట్స్ ఆటగాడే కావడం గాయం మీద కారం చల్లినట్టయింది. ఆ శీతాకాలంలో బాండ్స్ శాన్ ఫ్రాన్సిస్కోకు వెళ్లిపోయాడు. 1993 నుంచి 2012 దాకా వరుసగా 20 సీజన్లలో పైరేట్స్ గెలిచిన ఆటల కంటే ఓడిన ఆటలే ఎక్కువ. ఉత్తర అమెరికా పెద్ద లీగుల్లో దేనిలోనూ అంతకు ముందు ఏ జట్టూ అంత కాలం వరుసగా అలా ఓడిపోలేదు. ఒక పిల్లవాడు పుట్టి, బడికి వెళ్లి, కాలేజీలో చేరేంత కాలం అది.

ఈ 20 ఏళ్ల మధ్యలోనే స్టేడియం వ్యవహారం జరిగింది. కొత్త స్టేడియాల కోసం అమ్మకపు పన్ను అర శాతం పెంచుతామని 1997 నవంబర్‌లో ఈ ప్రాంతంలోని 11 కౌంటీల ఓటర్లను అడిగితే వారు గట్టిగా వద్దన్నారు. అయినా ప్లాన్ బి పేరుతో వేరే దారి వెతికి, అప్పటికే వసూలవుతున్న పన్నుల నుంచి ప్రజాధనాన్ని మళ్లించి పీఎన్‌సీ పార్క్ కట్టారు. 2001లో తెరిచారు. అమెరికాలోని అందమైన బేస్‌బాల్ స్టేడియాల్లో అది ఒకటనడంలో నాకు ఏ సందేహమూ లేదు. అలెగేనీ నది, దాని మీద పసుపు వంతెనలు, వెనుక నగర భవనాలు కనిపిస్తుంటే ఆట ఎలా ఉన్నా కూర్చోబుద్ధి అవుతుంది. కొత్త స్టేడియం ఆదాయంతో మంచి జట్టు కడతామన్నదే ఆనాడు ప్రజలకు చెప్పిన మాట. స్టేడియం తెరిచిన ఏడాదే జట్టు 100 ఆటలు ఓడిపోయింది. తర్వాత రెండేళ్లకు, 2003లో, జట్టు అప్పుల సాకుతో పాతికేళ్ల బ్యాటర్ అరామిస్ రమిరెజ్‌ను షికాగో కబ్స్‌కు దాదాపు ఉత్తి పుణ్యానికి ఇచ్చేశారు. అతను ఆ తర్వాత చాలా ఏళ్లు మన డివిజన్‌లోనే ఉండి మన జట్టునే చితక్కొట్టాడు.

ఇక డబ్బు సంగతికి వద్దాం. ఐపీఎల్ చూసి పెరిగిన మనకు ఇది మొదట వింతగా అనిపిస్తుంది. ఐపీఎల్ వేలంలో ప్రతి ఫ్రాంచైజీకీ ఒకే మొత్తం పరిమితి ఉంటుంది. అందుకే 2008లో అట్టడుగున నిలిచిన డెక్కన్ చార్జర్స్ 2009లో కప్పు గెలవగలిగింది. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆటగాళ్ల జీతాలకు అలాంటి గట్టి పైకప్పు లేదు. ఒక హద్దు దాటితే పన్ను కట్టాలి, కట్టగలిగినవారు కడతారు. 2025లో లాస్ ఏంజెలస్ డాడ్జర్స్ జీతాల పద్దు 30 కోట్ల డాలర్లు దాటితే పైరేట్స్‌ది సుమారు 9 కోట్లు. న్యూయార్క్ మెట్స్ 2024 డిసెంబర్‌లో ఒక్క హువాన్ సోటోకే 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లు రాసిచ్చారు.

పైన కప్పు లేనట్టే కింద నేల కూడా లేదు. జట్టు కనీసం ఇంత ఖర్చు చేసి తీరాలన్న నిబంధన ఏదీ లేదు. జాతీయ టెలివిజన్ హక్కుల ఆదాయం 30 జట్లకూ సమానంగా వస్తుంది. దాని పైన, ప్రతి జట్టూ తన స్థానిక ఆదాయంలో 48 శాతాన్ని ఉమ్మడి ఖాతాలో వేస్తే, దాన్ని అందరికీ సమానంగా పంచుతారు. అంటే న్యూయార్క్, లాస్ ఏంజెలస్ జట్ల డబ్బు పిట్స్‌బర్గ్ లాంటి జట్లకు చేరుతుంది. ఆ డబ్బును మైదానంలో జట్టు మెరుగుపడటానికి వాడాలని ఒప్పందంలో రాసి ఉంది. 2018 ఫిబ్రవరిలో ఆటగాళ్ల సంఘం పైరేట్స్‌తో సహా నాలుగు జట్ల మీద సరిగ్గా ఈ విషయమై ఫిర్యాదు దాఖలు చేసింది. అంతకు ముందే 2010 ఆగస్టులో బయటికి పొక్కిన జట్టు ఖాతా పత్రాలు ఊరంతటినీ కుదిపేశాయి. వరుసగా ఓడిపోతున్న 2007, 2008 సంవత్సరాల్లో జట్టుకు కలిపి సుమారు 2.9 కోట్ల డాలర్ల లాభం వచ్చింది. ఆ పత్రాలు బయటపడిన 2010 సీజన్‌లో పైరేట్స్ 105 ఆటలు ఓడిపోయారు.

ఏటా వచ్చే లాభం కంటే ఆస్తి విలువ పెద్ద విషయం. 1996లో కెవిన్ మెక్‌క్లాచీ బృందం సుమారు 9 కోట్ల డాలర్లకు కొన్న ఈ జట్టు విలువ ఇప్పుడు ఫోర్బ్స్ అంచనాల్లో 100 కోట్ల డాలర్లు దాటింది. వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్‌కు చెందిన వార్తాపత్రికల కుటుంబం వారసుడు బాబ్ నటింగ్ 2007 జనవరిలో ప్రధాన యజమాని అయ్యాడు. ఆయన చేతిలో జట్టు ప్లేఆఫ్స్ చేరింది మూడే మూడు సార్లు. అయినా ఆస్తి పెరుగుతూనే పోయింది. గెలిచినా ఓడినా పెరిగే ఆస్తిని చేతిలో పెట్టుకున్నవాడికి, గెలుపు కోసం రిస్క్ తీసుకోవడానికి తన సొంత పట్టుదల తప్ప వేరే ప్రేరణ ఏదీ ఉండదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో చివరి స్థానాల్లో నిలిచిన జట్టు కింది లీగ్‌కు దిగిపోతుంది, దానితో పాటు యజమాని ఆదాయమూ కూలిపోతుంది. ఇక్కడ ఆ భయం లేదు. పైగా ఓడిన జట్టుకు మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, ముందు వరుస దొరుకుతుంది.

"చిన్న నగరం, ఏం చేస్తాం" అన్న వాదన మీరు తరచూ వింటారు. అది సగం నిజం, ఆ సగాన్ని నేను కాదనను. సోటోను పిట్స్‌బర్గ్ కొనలేదు, కొనమని బుద్ధి ఉన్న అభిమాని ఎవరూ అడగలేదు. అయితే మన డివిజన్‌లోనే ఉన్న మిల్వాకీ పిట్స్‌బర్గ్ కంటే చిన్న మార్కెట్. అక్కడి బ్రూవర్స్ జట్టు వారు 2025లో 97 ఆటలు గెలిచి మొత్తం లీగ్‌లో అత్యుత్తమ రికార్డు సాధించారు. వారి జీతాల పద్దు డాడ్జర్స్ పద్దులో సగం కూడా లేదు. టాంపా బే రేస్ అతి తక్కువ ఖర్చుతో 2008లో, 2020లో వరల్డ్ సిరీస్ దాకా వెళ్లారు. ఈ జట్లు డబ్బు లేని లోటును ఆటగాళ్లను గుర్తించడంలో, తీర్చిదిద్దడంలో పూడ్చుకున్నాయి. పైరేట్స్ ఖర్చూ చేయలేదు, ఆ పనీ సరిగా చేయలేదు. 2007 డ్రాఫ్ట్‌లో నాలుగో వరుసలో ఉండి, అందరూ మెచ్చిన క్యాచర్ మాట్ వీటర్స్ అందుబాటులో ఉండగా, అతను అడిగే మొత్తానికి జంకి డేనియల్ మాస్కోస్ అనే పిచ్చర్‌ను తీసుకున్నారు. మాస్కోస్ పెద్ద లీగ్‌లో ఆడింది ఒక్క సీజనే.

ఊరి బీదరికం గురించి మాట్లాడేవారికి నేను ఒక్క విషయం గుర్తుచేస్తాను. నలుపు, బంగారు రంగులు వేసుకునే మిగతా రెండు జట్లు కూడా ఇదే ఊరివి. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్ ఆరు సూపర్ బౌల్స్ గెలిచారు, 2004 నుంచి 2025 దాకా గెలుపుల కంటే ఓటములు ఎక్కువైన సీజన్ వారికి ఒక్కటి కూడా లేదు. ఐస్ హాకీ జట్టు పెంగ్విన్స్ ఐదు స్టాన్లీ కప్పులు గెలిచారు. ఆ లీగుల్లో జీతాల పరిమితి ఉందన్నది నిజమే, దానివల్ల పోటీ సమానంగా ఉంటుందన్నదీ నిజమే. కానీ ఒకే ఊరి జనం మూడు యాజమాన్యాలను పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. గెలవాలన్న పట్టుదల ఉన్న యాజమాన్యం ఎలా ప్రవర్తిస్తుందో వారికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే కాలానికి వస్తాను. 2013లో పైరేట్స్ 94 ఆటలు గెలిచారు. అక్టోబర్ 1న సిన్సినాటి రెడ్స్‌తో వైల్డ్ కార్డ్ ఆటకు (ఓడితే సీజన్ ముగిసిపోయే ఒక్క ఆటకు) స్టేడియం అంతా నల్ల బట్టలతో నిండిపోయింది. వంతెన మీద కూడా జనం నిలబడి చూశారు. రెండో ఇన్నింగ్స్‌లో రెడ్స్ పిచ్చర్ జానీ క్వేటో పేరును వేలమంది సాగదీస్తూ ఒకే గొంతుతో అరుస్తుండగా అతని చేతిలోని బంతి జారి కింద పడింది. ఆ వెంటనే వేసిన బంతిని రస్సెల్ మార్టిన్ హోమ్ రన్ కొట్టాడు. 20 ఏళ్లు ఎదురుచూసిన జనం ఒక పిచ్చర్ చేతి నుంచి బంతిని రాల్చేశారని ఇక్కడ ఇప్పటికీ అంటారు, నేనూ అలాగే నమ్ముతాను. ఆ గెలుపు వెనుక గొప్ప ఖర్చు ఏదీ లేదు. మార్టిన్‌ను రెండేళ్లకు 1.7 కోట్ల డాలర్లకు తెచ్చుకున్నారు, ఫీల్డర్లను లెక్కల ఆధారంగా నిలబెట్టారు, ఇతరులు వదిలేసిన పిచ్చర్లను బాగుచేశారు. ఆ ఏడాది అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికైన ఆండ్రూ మెకచన్ ఆరేళ్లకు 5.15 కోట్ల డాలర్ల ఒప్పందంతో, తన విలువ కంటే ఎంతో తక్కువకు ఆడుతున్నాడు. అంటే ఈ ఊళ్లో, ఈ డబ్బుతోనే, గెలవడం సాధ్యమని ఇదే యాజమాన్యం నిరూపించింది.

2015లో 98 ఆటలు గెలిచారు. మొత్తం లీగ్‌లో అంతకంటే ఎక్కువ గెలిచింది సెయింట్ లూయిస్ ఒక్కటే. వైల్డ్ కార్డ్ ఆటలో కబ్స్ పిచ్చర్ జేక్ అరియెటా ఒక్క పరుగూ ఇవ్వకపోవడంతో ఆ సీజన్ ఒక్క రాత్రిలో ముగిసింది. అది దురదృష్టం, దానికి ఎవరినీ నిందించలేం. ఆ ఏడాది సుమారు 25 లక్షల మంది స్టేడియానికి వచ్చారు. యాజమాన్యం దగ్గర డబ్బు ఉంది, జనం ఉన్నారు, మెకచన్, గెరిట్ కోల్, స్టార్లింగ్ మార్టే మంచి వయసులో ఉన్నారు. ఇక ఒకరిద్దరు మంచి పిచ్చర్లను తెచ్చుకుంటే చాలనుకునే స్థితి అది.

ఆ శీతాకాలంలో వారేం చేశారో చూడండి. సీజన్ చివర్లో అద్భుతంగా ఆడిన పిచ్చర్ జె.ఎ. హ్యాప్‌ను వెళ్లనిచ్చారు, అతను మరుసటి ఏడాది టొరంటో తరఫున 20 ఆటలు గెలిచాడు (బేస్‌బాల్‌లో ఆట గెలుపోటములను పిచ్చర్ పేరిట కూడా రాస్తారు). ఈ ఊరి శివార్లలోనే పుట్టి పెరిగి, ఈ జట్టుకే ఆడుతున్న నీల్ వాకర్‌ను మెట్స్‌కు ఇచ్చి జాన్ నీస్ అనే పిచ్చర్‌ను తీసుకున్నారు, నీస్ ఆ సీజన్ పూర్తికాకముందే తిరిగి మెట్స్‌కే చేరాడు. పెడ్రో అల్వరెజ్‌ను ఊరికే వదిలేశారు. వారి స్థానంలో వచ్చినవారు వయసు మళ్లినవారు, చవకగా దొరికినవారు. 2016లో జట్టు 78 గెలుపులకు పడిపోయింది. ఆ ఆగస్టు 1న ఫ్రాన్సిస్కో లిరియానో జీతం భారం వదిలించుకోవడానికి, అతనితో పాటు ఇద్దరు మంచి యువ ఆటగాళ్లను కూడా టొరంటోకు అప్పగించారు. 98 ఆటలు గెలిచిన జట్టుకు చేయూతనిచ్చి ఒక మెట్టు ఎక్కించాల్సిన తరుణంలో కింద నుంచి నిచ్చెన లాగేశారు. అభిమానులు క్షమించనిది దీన్నే. 20 ఏళ్ల ఓటములను వారు 2013లో ఒక్క రాత్రిలో మర్చిపోయారు. ఈ ఒక్క శీతాకాలాన్ని మాత్రం పదేళ్లయినా మర్చిపోలేదు.

తర్వాతిదంతా దాని పర్యవసానమే. 2018 జనవరిలో కోల్‌ను హ్యూస్టన్‌కు, మెకచన్‌ను శాన్ ఫ్రాన్సిస్కోకు పంపేశారు. జట్టును అమ్మించమని లీగ్‌ను కోరుతూ 50 వేల మందికి పైగా సంతకాలు చేశారు. న్యాయంగా చెప్పాలంటే, మెకచన్‌కు బదులుగా వచ్చిన బ్రయన్ రేనాల్డ్స్ మంచి ఆటగాడే, 2023లో అతనికి 10.675 కోట్ల డాలర్ల ఒప్పందం కూడా ఇచ్చారు. ఈ జట్టు చరిత్రలో 10 కోట్లు దాటిన మొదటి ఒప్పందం అది. కానీ అదే 2018 జూలైలో, ఒక్కసారి ధైర్యం చేద్దామనుకున్నప్పుడు, టాంపా నుంచి క్రిస్ ఆర్చర్‌ను తెచ్చుకోవడానికి టైలర్ గ్లాస్‌నౌ, ఆస్టిన్ మెడోస్, షేన్ బాజ్ ముగ్గురినీ ఇచ్చేశారు. ఆర్చర్ ఇక్కడ రాణించలేదు. ఆ ముగ్గురూ టాంపాలో పెద్ద లీగ్ ఆటగాళ్లుగా నిలబడ్డారు. ఆర్చర్‌ను తేవడం దుర్బుద్ధితో చేసిన పని కాదు, తీర్పులో జరిగిన పొరపాటు. 2015 శీతాకాలంలో జరిగింది అలాంటి పొరపాటు కాదు, అందుకే ఈ రెంటినీ నేను ఒకే గాటన కట్టను. మీరు కూడా యాజమాన్యాన్ని తూచేటప్పుడు ఈ తేడా చూడండి. తప్పు చేసిన జనరల్ మేనేజర్‌ను (ఆటగాళ్లను ఎంచుకునే అధికారిని) మార్చవచ్చు, 2019లో మార్చారు కూడా. ప్రయత్నమే వద్దనుకునే విధానాన్ని మార్చగలిగింది యజమాని ఒక్కడే.

2019 చివర్లో బెన్ చెరింగ్టన్ జనరల్ మేనేజర్‌గా వచ్చాడు. మొదటి నుంచి కట్టుకొస్తామన్నాడు. 2021లో 101 ఓటములు, 2022లో 100 ఓటములు. కొత్త ఇల్లు కట్టాలంటే పాతది కూల్చక తప్పదని అభిమానులు సర్దుకున్నారు. 2023లో 76 గెలుపులు, 2024లోనూ సరిగ్గా 76, 2025లో 71. ఆ మధ్యలో 2023 డ్రాఫ్ట్ మొదటి ఎంపికగా స్కీన్స్ దొరికాడు.

స్కీన్స్ 2025 సీజన్ ఒక్కటి చూస్తే మీ మొదటి ప్రశ్నకు పూర్తి జవాబు దొరుకుతుంది. తొమ్మిది ఇన్నింగ్స్‌కు అతను ఇచ్చిన పరుగుల సగటు 1.97. నేషనల్ లీగ్ ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు ఏకగ్రీవంగా అతనికే వచ్చింది. అతని గెలుపు ఓటముల లెక్క మాత్రం 10-10. మే 18న ఫిలడెల్ఫియాలో అతను 8 ఇన్నింగ్స్ పూర్తిగా వేసి, 3 హిట్లు, ఒకే ఒక్క పరుగు ఇచ్చాడు. పైరేట్స్ 1-0తో ఓడిపోయారు. ఆ ఆటను టీవీలో చూస్తున్నప్పుడు ప్రతి ఇన్నింగ్స్ అయ్యాక అతను డగౌట్‌లోకి వచ్చి మౌనంగా కూర్చోవడం, ఆ వెంటనే మన బ్యాటర్లు వరుసగా అవుటై వెనక్కి రావడం కనిపించింది. ఆ ఏడాది హోమ్ రన్‌లలో పైరేట్స్ 30 జట్లలో అట్టడుగున నిలిచారు. మంచి బ్యాటర్ ఒకరిద్దరి కోసం ముందటి శీతాకాలంలో గట్టిగా ఖర్చు చేయకపోవడానికి ఫలితం ఇది. మే 8న జట్టును మైదానంలో నడిపే మేనేజర్ డెరెక్ షెల్టన్‌ను తీసేసి డాన్ కెల్లీని పెట్టారు. ఆ ఏడాది అతనికి కూడా దక్కింది అవే బ్యాట్లు, ఆ బ్యాటర్లే.

అదే వసంతంలో ఆటకు సంబంధం లేని రెండు సంఘటనలు జనాన్ని మరింత గాయపరిచాయి. స్టేడియం చుట్టూ కాలిబాటలో అభిమానులు డబ్బు కట్టి, తమ కుటుంబ సభ్యుల పేర్లు చెక్కించుకున్న ఇటుకలను మరమ్మతుల పేరుతో తొలగించారు. అవి చెత్తను రీసైకిల్ చేసే చోట కుప్పగా పడి ఉన్న ఫొటోలు బయటికొచ్చాయి. వాటిలో చాలా ఇటుకల మీద చనిపోయిన తాతల, తండ్రుల పేర్లు ఉన్నాయి. దాదాపు అదే సమయంలో కుడివైపు గోడ మీద ఉన్న క్లెమెంటే 21 గుర్తును తీసి ఒక మద్యం ప్రకటన పెట్టారు. క్లెమెంటే కుమారుడు బాధ వ్యక్తం చేశాక, ఊరంతా భగ్గుమన్నాక, క్షమాపణ చెప్పి గుర్తును తిరిగి పెట్టారు. ఇవి చిన్న విషయాలని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. గెలుపు ఇవ్వలేని జట్టు దగ్గర అభిమానికి మిగిలేది జ్ఞాపకమే. దాన్ని కూడా కాపాడలేనివారు ఏం కాపాడగలరన్నది న్యాయమైన ప్రశ్న.

యజమానిని ఎందుకు మార్చలేరన్న మీ రెండో ప్రశ్నకు సమాధానం చిన్నది. జట్టు ఆయన సొంత ఆస్తి, అమ్మమని బలవంతపెట్టగల అధికారం అభిమానులకు లేదు, తోటి యజమానులకు ఆ అవసరం లేదు. లీగ్ కమిషనర్‌ను నియమించేది కూడా ఆ 30 మంది యజమానులే. 2007 జూన్ 30న కొందరు అభిమానులు మూడో ఇన్నింగ్స్ తర్వాత లేచి బయటికి నడిచి నిరసన తెలిపారు. 2025 ఏప్రిల్‌లో సొంత మైదానంలో మొదటి ఆట జరుగుతుండగా జట్టును అమ్మేయమని స్టేడియం అంతా అరిచింది. ఆ ఏడాది ప్రేక్షకుల సంఖ్య సుమారు 15 లక్షలకు తగ్గింది. అయినా యజమాని కదల్లేదు, ఎందుకంటే ఆయన ఆదాయంలో పెద్ద వాటా గేటు దగ్గర వసూలయ్యేది కాదు.

అంతమాత్రాన అరిచి ప్రయోజనం లేదని నేను అనను. 21 గుర్తు తిరిగి వచ్చింది అరిచినందుకే. కాకపోతే ఆ అరుపు ఎక్కడ పనిచేస్తుందో తెలుసుకోవాలి. యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందం 2026 డిసెంబర్ 1న ముగుస్తుంది. జీతాలకు పైకప్పు కావాలని యజమానులు కోరడం, ఆటగాళ్లు ఒప్పుకోకపోవడం పాత కథ. అభిమానులు అడగవలసింది కప్పు ఒక్కటే కాదు, కింద నేల కూడా. పంచిన ఆదాయాన్ని తీసుకునే జట్టు ఆటగాళ్ల మీద కనీసం ఇంత ఖర్చు చేసి తీరాలన్న నిబంధన వస్తే, పిట్స్‌బర్గ్ యజమాని ఎవరైనా సరే, జట్టు ఇప్పటికంటే బాగుపడుతుందని నా నమ్మకం. కప్పు మాత్రమే వచ్చి నేల రాకపోతే పొదుపు చేసే యజమానికి మరింత లాభం తప్ప మనకు ఒరిగేది ఏమీ ఉండదు.

ఇక మీ అబ్బాయి సంగతి. పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడి కాంటీన్‌లో ఆదివారం పూట కూర్చుంటే, పులిహోర ప్లేటు ముందు పెట్టుకుని స్కీన్స్ వేసే బంతుల వేగం గురించి వాదించుకునే పిల్లలు కనిపిస్తారు. వారి అమ్మానాన్నల్లో చాలామందికి ఈ ఆట నియమాలే పూర్తిగా తెలియవు. ఈ ఊరు తమదని ఆ పిల్లలకు అనిపించడంలో ఈ జట్టుకు చాలా పాత్ర ఉంది. దాన్ని అబ్బాయి నుంచి తీసేయకండి. ఓడిన రాత్రి "పోనీలే, ఆటే కదా" అని తేల్చేయకండి, ఆ మాట వాడికి ఓదార్పు కాదు. ఎందుకు ఓడారో వాడితో కూర్చుని మాట్లాడండి. పిచ్చర్ ఎంత బాగా వేశాడో, బ్యాటర్లు ఎక్కడ తడబడ్డారో చూడటం నేర్పండి. పదేళ్లవాడికి అది అర్థమవుతుంది. ఫలితంతో పని లేకుండా మంచి ఆటను గుర్తుపట్టగలిగిన పిల్లవాడు ప్రతి ఓటమికీ కుంగిపోడు.

సీజన్ టికెట్లు మాత్రం మళ్లీ కొనవద్దన్నదే నా సలహా. ముందే మొత్తం డబ్బు కట్టేస్తే శీతాకాలంలో యాజమాన్యం ఏం చేసినా చేయకపోయినా మీ ఆమోదం ఇచ్చినట్టే. దాని బదులు ఆట ఆటకు విడిగా కొనండి. పిచ్చర్ల వరుస కొద్ది రోజుల ముందే తెలుస్తుంది కాబట్టి స్కీన్స్ వేసే రోజులు చూసుకోండి. ప్రస్తుత నిబంధనల ప్రకారం అతను 2029 సీజన్ ముగిసేదాకా జట్టు ఆధీనంలోనే ఉంటాడు, ఈలోపు ట్రేడ్ చేస్తే తప్ప. వారం మధ్య రోజుల్లో, సీజన్ మొదట్లో చలి ఉన్నప్పుడు టికెట్లు తిరిగి అమ్మే సైట్లలో చాలా చవకగా దొరుకుతాయి. కారును నగరం వైపే పార్క్ చేసి క్లెమెంటే వంతెన మీదుగా నడిచి వెళ్లండి, ఆట రోజుల్లో దాని మీద వాహనాలను ఆపేస్తారు. రెన్యువల్ కోసం జట్టు కార్యాలయం నుంచి ఫోన్ వస్తే మర్యాదగా, కారణంతో సహా వద్దని చెప్పండి. ఫలానా బ్యాటర్‌ను తెచ్చుకుంటే మళ్లీ ఆలోచిస్తానని కూడా చెప్పండి, వారు ఆ కారణాలను రాసుకుంటారు.